శబ్దాల పాఠం

"'కళ్ళు నిప్పుకణికల్లా మండాయి.' ఇదేమిటి?"

తండ్రి చూపుడువేలు పుస్తకంలో ఆ వాక్యం మీద ఉంది. రెండో చేతిలో బెల్టు ఉంది.

"ఉపమ," అంది అమ్మాయి, అతని ముఖం మీంచి చూపు తిప్పకుండా.

"'కత్తి కసకసా కండ కోసింది.' ఇది?"

"అనుప్రాస. 'క' మళ్ళీ మళ్ళీ వచ్చింది. 'కసకసా' ధ్వన్యనుకరణం."

కథలో అన్నదమ్ములిద్దరు ఒకరినొకరు నరుక్కుంటున్నారు. పిల్ల చదువుకోసమని ఆ కథను ఏరికోరి తెచ్చింది అతనే.

రేపు హాస్టల్ స్కూలు ప్రవేశ పరీక్ష. సీటొస్తే అమ్మాయి చదువు ముగిసేదాకా ఈ ఇంటికి దూరంగా ఉండొచ్చు. "ఇవాళ ఒక్కటి తప్పినా రేపు గడప దాటవు," అని పొద్దున్నే చెప్పేశాడు. తల్లి అప్పటికే బట్టలు సర్ది, పెట్టెను మంచం కిందకి తోసేసింది.

"పుస్తకం చూసి ఎవరైనా చెప్తారు. ఇప్పుడు నేను చేసే శబ్దాలకి మాటలు చెప్పు."

భుజం పట్టుకుని అమ్మాయిని వంటింటి వైపు తిప్పాడు. అక్కడ గుమ్మంలో తల్లి గిన్నె తుడుస్తోంది.

వెనక గాజు గ్లాసు నేలకేసి కొట్టాడు. గిన్నె చాటున తల్లి పిడికిలి విచ్చుకుంది.

"భళ్ళున."

బెల్టుతో కుర్చీని బాదాడు. తల్లి చేతిలోని తుడుపుగుడ్డను ఒక్కసారి విదిలించింది.

"ఛెళ్ళున."

తలుపు విసురుగా మూశాడు. తల్లి రెండు అరచేతులూ కలుసుకున్నాయి.

"ధడాలున."

"పర్వాలేదే. నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయన్నట్టుంటావు, బానే చెప్తున్నావు."

మెచ్చుకుంటూ తలెత్తాడు. అప్పుడు కనిపించాయి భార్య చేతులు.

"ఓహో. తల్లీకూతుళ్ళు కూడబలుక్కున్నారన్నమాట."

బెల్టు పక్కన పడేశాడు. వెళ్ళి ఆమె జుట్టు దొరకబుచ్చుకున్నాడు. లాక్కొస్తూ అమ్మాయి ముందు ఆగి, వేలు చూపించాడు. "ఇటు తిరిగావో, రేపటి ప్రయాణం లేదు."

తల్లిని అమ్మాయి వెనక్కి ఈడ్చుకొచ్చాడు.

"నన్నేమైనా చెయ్యండి. దాన్ని మాత్రం వెళ్ళనివ్వండి," అందామె.

"వెళ్తుందిలే. ముందు ఈ చప్పుడేంటో చెప్పనీ."

ఆమె తలను ఇనప బీరువాకేసి కొట్టాడు. బీరువా మోత ఇల్లంతా మారుమోగింది. నుదురు చిట్లి రక్తం కనుబొమ్మ మీదికి జారింది. ఆమె పెదవి కొరుక్కుంది, అరవలేదు.

"ఏమే, చెప్పు."



ఇంకోసారి కొట్టాడు. ఈసారి బీరువా తలుపు సొట్టపోయింది.

"కన్నతల్లి తల పగులుతుంటే ఉలకదు, పలకదు. ఇదేం పిల్లే?" అన్నాడు రొప్పుతూ.

అమ్మాయి ఖాళీ గుమ్మం వైపే ఆశగా చూస్తూ నిలబడింది. పోయిన నెల అతను రెండు చెంపలూ వాయించిన రోజే దాని వినికిడి పోయిందని తల్లి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.