పానా పట్టిన రోజు

"కాలర్ గుండీ పెట్టుకో. వాళ్ళు ముందు చూసేది బట్టలే."

"లోపలికి పిలిచింది నిన్నమ్మా, నన్ను కాదు."

"అయినా పెట్టుకో."

కొడుకు గుండీ పెట్టుకున్నాడు. విచారణ గది బయట చెక్క బల్ల మీద ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. పొద్దుటి నుంచి ఆమె మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

అతను కుళాయిలు, పైపులు బాగుచేస్తాడు. విశ్రాంతి రోజున పనిముట్టు ముట్టుకోకూడదని శాస్త్రం. పోయిన విశ్రాంతి రోజునే పక్కింట్లో పైపు పగిలింది. కాళ్ళు పడిపోయిన ముసలామె మంచం మీది నుంచి కేకలు వేస్తుంటే, ఇతను గోడ దూకి వెళ్ళి పానాతో బిగించి వచ్చాడు. ప్రాణం మీదికి వస్తే శాస్త్రం ఒప్పుకునేదే. కానీ నీళ్ళు మంచం కోళ్ళ సగం దాకానే వచ్చాయి, అది ప్రాణగండం కిందికి రాదు.

తప్పు రుజువైతే వెలి. వెలి పడ్డవాడితో ఎవరూ మాట్లాడకూడదు, కలిసి తినకూడదు, తలుపు తట్టినా తియ్యకూడదు. కన్నతల్లికైనా మినహాయింపు లేదు. వాడు గుమ్మం బయట నిలబడి అమ్మా అని పిలుస్తున్నట్టూ, తను లోపల గడియ పట్టుకుని నిలబడ్డట్టూ ఆమెకి అప్పుడే కనిపిస్తోంది.

"జ్ఞానగ్రంథం కూడా మనదే కదమ్మా. సాయానికి వారం వర్జ్యం చూడొద్దనే కదా అందులో ఉన్నది."

"ఆ గ్రంథం చదివితే అందరూ తలలూపుతారు నాయనా. శాస్త్రం చదివితే తలుపులు మూస్తారు. దాని ఊసెత్తకు."

"నేనెత్తినా ఎవరు వింటారు? నింద పడ్డవాడి మాట చెల్లదు, పెంచినవాళ్ళ మాటే చెల్లుతుంది. నువ్వు ఉన్నది ఉన్నట్టు చెప్పు, చాలు."

లోపల నుంచి పిలుపు వచ్చింది.

పొడుగాటి బల్ల వెనక ముగ్గురు. అటూ ఇటూ శాస్త్రం చదివిన పండితులు, మధ్యలో జ్ఞానగ్రంథం బోధించే పెద్దాయన. ఆయన సంగతి వదిన ముందే హెచ్చరించింది. 'మెత్తగా మాట్లాడతాడు, ఆ మాటల్లోనే ఉరి ఉంటుంది. పెంపకం మీదికి రానివ్వకు.'

"కూర్చోండమ్మా," అన్నాడు పెద్దాయన. "మీవాడు చిన్నప్పుడు పాఠాలకి సరిగ్గా వచ్చేవాడు కాదని విన్నాను."

వదిన చెప్పినట్టే అయింది, అనుకుంది ఆమె. కూర్చోకముందే మొదలుపెట్టాడు.

"ఎవరండీ ఆ మాట అన్నది? జ్వరమొచ్చినా మాననివ్వలేదు నేను."

కుడివైపు పండితుడు తల పంకించాడు. ఆమెకి కాస్త ఊపిరి ఆడింది.

"చదివినా గుర్తుండాలిగా. పొద్దస్తమానం పనిలో పడి, అది ఏ రోజో మరిచిపోయి ఉంటాడు."

"మరిచిపోవడమా? ముందురోజు పొద్దుగూకక ముందే సామాన్ల సంచీ మూతి కట్టి అటకెక్కిస్తాడండీ. ఆ వారమూ ఎక్కించాడు. నిచ్చెన వేసుకుని దించాల్సి వచ్చింది."

"సరే. అసలు పానా పనిముట్ల కిందికి వస్తుందా రాదా అన్నది చాలామందికి తెలియదు. నాకే ఒక్కోసారి అనుమానం." ఆయన నవ్వాడు. పక్కనున్న ఇద్దరూ నవ్వలేదు.

ఎంత మెత్తటి వల, అనుకుంది ఆమె. కొడుకుని మొద్దబ్బాయిని చేసి, ఇంట్లో భయభక్తులు నేర్పలేదని తేల్చేస్తారు.

"చేత్తో పట్టే ఇనుమంతా పనిముట్టేనని వాళ్ళ నాన్న ఒళ్ళో కూర్చోబెట్టుకుని నేర్పారండీ."

పెద్దాయన కళ్ళద్దాలు తీశాడు. నుదురు చెమటతో తడిసి ఉంది. తన ముందున్న మంచినీళ్ళ గ్లాసు ఆమె వైపు జరిపాడు.

"తాగండి. తొందరేమీ లేదు. బాగా ఆలోచించుకుని చెప్పండి. మీ అబ్బాయికి ఆ నియమం నిజంగా తెలుసా?"

ఆయన గొంతు వణికింది. కోపం అణుచుకుంటున్నాడనుకుంది. గ్లాసు ముట్టుకోలేదు.

"శాస్త్రంలో వాడికి తెలియని నియమం లేదండీ. ప్రమాణం చేసి చెబుతాను."

పండితులిద్దరూ ఒకరినొకరు చూసుకుని, తృప్తిగా కుర్చీల్లో వెనక్కి వాలారు.

"ఇక అడగడానికేముంది," అంటూ ఎడమవైపాయన లేచాడు. వెళుతూ వెళుతూ ఆమె దగ్గర ఆగాడు. "పద్ధతిగా పెంచారమ్మా."

రెండో పండితుడు కూడా ఆయన వెనకే వెళ్ళాడు. ఆమె కళ్ళు చెమర్చాయి. బిడ్డ గండం గడిచింది. ఇంటికెళ్ళగానే వాడికి వేడిగా ఏదైనా వండిపెట్టాలి.

పెద్దాయన మాత్రం కూర్చున్నచోటు నుంచి కదల్లేదు. ఆమెకి ఎక్కడ లేని ధైర్యం వచ్చింది.

"మాటల్లో పెట్టి నా బిడ్డని పడేద్దామనుకున్నారు కదండీ. వాడేం తెలివితక్కువవాడు కాదు."

ఆయన గుమ్మం బయట కూర్చున్న ఆమె కొడుకు వైపు చూశాడు.

"తెలియక చేసినవాడినే మన శాస్త్రం వదిలేస్తుందమ్మా."