కోడిగంప ఆటకు మార్కులు

నాగేందర్‌కు అరికాలి మంట నెత్తికెక్కి వారమైంది. హైటెక్ సిటీ ఊపు చూసి, ఉన్న చెలక భూమి అమ్మి చేయించిన వీడియో గేమ్‌ను ఎవడో విమర్శకుడు వెబ్‌సైట్‌లో పరమ బోర్ అని రాసిపారేశాడు. నలుగురు కూర్చుని, ఉరికే కోళ్లను పోటీపడి గంప కింద మూసే ఆట అది. ఆ మహానుభావుడు గదిలో తలుపేసుకుని ఒక్కడే ఆడాడట.

"ఒంటిగ కోలాటం ఆడి, కోలాటం బాగలేదన్నట్టున్నది," అని సురంగల్ ఊరంతా వినేలా తిట్టాడు నాగేందర్.

పంతం పట్టి, నలుగురితో ఆడి చూసి మార్కులేయమని ఇంకో వెబ్‌సైట్ వాళ్లను ఇంటికే పిలిచాడు. ఈసారీ మార్కులు పోతే గేమ్ కొనే నాథుడుండడు, చెలక తిరిగి రాదు.

ఆదివారం కారొచ్చింది. నల్ల కళ్లద్దాల కుర్రవాడు ముందు దిగాడు. వెనక నుంచి లాప్‌టాప్ సంచితో ఓ అమ్మాయి దిగింది. నాగేందర్ ఎదురెళ్లి, మొహమాటపడుతున్నా వినకుండా కుర్రవాణ్ణి సోఫాలో కూర్చోబెట్టాడు. తాను, తల్లి సక్కుబాయి, భార్య నిర్మల, సారు. లెక్క సరిపోయింది.

"నేను కూడా ఆడాలి అన్నా," అంది అమ్మాయి.

"సారు ఆడుతుండు గద, నీకెందుకు చెల్లె? మా ఆమె ఆటల కూసున్నది, పొయ్యి మీద కూర జర కలుపు పో."

అమ్మాయి అతన్ని ఎగాదిగా చూసి వంటింట్లోకి నడిచింది.

కొత్తల్లుడితో పచ్చీసు ఆడినట్టు ఓడిపోవాలని నాగేందర్ ఇంట్లో ముందే చెప్పిపెట్టాడు. నిర్మల బుద్ధిగా ఓడింది. సక్కుబాయి మాత్రం ఒక్క కోడినీ వదల్లేదు. నాగేందర్ దగ్గాడు, కన్నుగీటాడు, చివరికి కాలు తొక్కాడు.

"కాలెందుకు తొక్కుతవ్‌రా? నీ సారుకు కోడిని పట్టుడే రాదాయె. కూరొండి పెడితే గుర్తుపడతడేమో."

సారు ముఖం కందగడ్డయింది. నాగేందర్ పళ్లు నూరుతూ తల్లి చేతిలోని రిమోట్ గుంజుకున్నాడు. నవ్వు వినబడి తిరిగి చూస్తే, గరిటె పట్టుకుని గుమ్మంలో అమ్మాయి. ఆమె నోరు తెరిచేలోపే, కూర మాడుతున్నది, నీ పని నువ్వు చూసుకో పొమ్మని విరుచుకుపడ్డాడు.

ఆపైన సారు ముందు చేతులు కట్టుకున్నాడు. ముసల్ది తెలియక గెలిచిందని, ఆ కోపం మార్కుల మీద చూపొద్దని బతిమాలాడు.

కుర్రవాడు నల్లద్దాలు తీసి లేచి నిలబడ్డాడు.

"నన్నెందుకు బతిమాలుతవ్ అన్నా, నేను కిరాయి కారు డ్రైవర్‌ను, మార్కులేసే మేడమ్ మీ వంటింట్ల కూర కలుపుతున్నది."