నేల రాలిన పురుగులు

వంతెనను వరద ఎత్తుకుపోయిన మరుసటి ఏడు అది. టేకు అడవిలో గొంగళిపురుగులు ఆకుల్ని ఈనెలు మాత్రం మిగిల్చి మేసేశాయి.

అడవి పనులు చూసే మేస్త్రి దగ్గర ఒకటే మందు. జబ్బుతో చచ్చిన పురుగుల్ని ఏరి, నూరి, వడగట్టిన రసం. ఆకులమీద చల్లితే మిగతా పురుగులకూ ఆ జబ్బు అంటుకుంటుంది. పిట్టను ముట్టదు, తేనెటీగను ముట్టదు. చిక్కల్లా ఒకటే. పురుగు చావడానికి వారం పడుతుంది.

ఫారెస్టు ఆఫీసరు రసం చల్లిన అయిదో రోజే వస్తానన్నాడు.

"అప్పటికి చావకపోతే అడవంతా విషం కొట్టిస్తా. నీ రసం నువ్వే తాగుదువుగాని."

విషం కొడితే మేస్త్రి భార్య పెంచే తేనెపెట్టెలు పన్నెండూ మట్టికొట్టుకుపోయినట్టే.

మేస్త్రీ, బామ్మర్దీ ఎండ వాలాక రసం చల్లారు. ఎండ తగిలితే దాని బలం పోతుంది.

నాలుగో రోజు పొద్దున చూస్తే పురుగులన్నీ చచ్చి ఉన్నాయి. బామ్మర్ది ఎగిరి గంతెయ్యబోయి ఆగిపోయాడు.

"బావా, ఇవి కిందున్నాయేంటి?"

జబ్బు పురుగు కొమ్మ చివరికెక్కి తలకిందులుగా వేలాడుతూ చస్తుంది. విషం తిన్నదే నేల రాలుతుంది. బామ్మర్దికి మేస్త్రి నేర్పిన మొదటి పాఠం అదే.

"ఎవరితోనూ అనకు," అన్నాడు మేస్త్రి.

ఇంటికొచ్చేసరికి అక్క పెట్టెల ముందు చచ్చిన ఈగల్ని చేటలోకి ఊడుస్తోంది. అది చూశాక తమ్ముడి నోరు ఆగలేదు. మర్నాడు ఆఫీసరు జీపు దిగీదిగగానే చెప్పేశాడు.

"రసంలో ఎవరో విషం కలిపారండీ."

"రసం పెట్టే గదికి తాళంచెవులెన్ని?"

"రెండండీ. ఒకటి బావది, ఒకటి నాది."

ఆఫీసరు ఇద్దరినీ చూశాడు. "కలిపిందెవరో తేలితే వచ్చే ఏడు రసానికి ఇంకో అవకాశం ఇస్తా. తేలకపోతే ఇక ఏటా విషమే."

మేస్త్రి బామ్మర్ది ముందు చెయ్యి చాపాడు.

"నీ తాళంచెవి ఇచ్చెయ్యరా."

బామ్మర్ది తాళంచెవి తీసి ఇచ్చాడు.

సంగతి తెలిసి అక్క ఇంటి గుమ్మంలో అడ్డంగా నిలబడింది. "తిన్నింటి వాసాలు లెక్కపెట్టావు కదరా. ఇంక ఈ గడప తొక్కకు."

"నువ్వొక్క మాట చెప్పు బావా. నేను చేస్తానా అట్లాంటి పని?"

మేస్త్రి వంచిన తల ఎత్తకుండా మందు పంపుకు పట్టీ బిగిస్తున్నాడు.

బామ్మర్ది చెప్పులు చేత పట్టుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున భార్య ఇచ్చిన ఈగల చేట పట్టుకుని మేస్త్రి వరద మిగిల్చిన వంతెన మొండి దగ్గరకు వెళ్లి, గొయ్యి తవ్వి, ఈగల్ని పోసేముందు, తాను రసంలో ఒంపిన విషం డబ్బాను చొక్కాలోంచి తీసి అడుగున పెట్టాడు.