స్వస్థత

“మీ ఆయన గుండెజబ్బు దాచిపెట్టి పాలసీ తీసుకున్నాడమ్మా. క్లెయిమ్ రాదు.” మేనేజర్ ఫారం ఆమె ముందుకు తోశాడు.

గుండెజబ్బు ఉందా అన్నచోట ‘లేదు’ అని టిక్కు. కింద భర్త సంతకం.

ఆమె పక్కనే నిలబడ్డ ఏజెంటు వైపు తిరిగింది. ఇద్దరిదీ ఒకే చర్చి సంఘం. “ఆయన అబద్ధమాడే మనిషా, బ్రదర్? పిల్లలకి ఏమని చెప్పుకోను?”

మేనేజర్ ఏజెంటును వరండాలోకి లాక్కెళ్లాడు. “నోరు విప్పావో ఉద్యోగం ఊడుతుంది. విప్పినా ఆమెకు ఒరిగేదేం లేదు, సంతకం అతనిదే. నెపం అతని మీదే ఉండనీ. పోయినాయన వచ్చి కాదంటాడా ఏంటి?”

ఏజెంటు లోపలికొచ్చి ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

“జబ్బుందనే చెప్పారు సిస్టర్. ఫారం నింపడానికి ముందు ఆదివారమే స్వస్థత కలిగిందని గుడిలో సాక్ష్యమిచ్చారు కదా. ‘ఇంకా ఉందని రాస్తే అవిశ్వాసం, బ్రదర్’ అని ఆయన నోరు మూయించారు. ఆ నెల టార్గెట్‌కి ఒక్క పాలసీ తక్కువైంది.”

“మూయించారా? ఎవరు?”

“నేనే. ఆ టిక్కు పెట్టిందీ నేనే.”