ఫోన్‌లో నీలం చుక్క

ఫోన్‌లో నీలం చుక్క పరుగెడుతోంది. దాని పక్కన అంకె అరవై ఎనిమిది.

మిషన్ మీద ఆమె కాలు ఆగిపోయింది. సగం కుట్టిన చొక్కా సూది కిందే ఉండిపోయింది.

ఎలక్ట్రిక్ బండి కొన్నప్పుడు షాపువాడు ఒట్టేసినట్టు చెప్పాడు. "ఇరవై అయిదు దాటదమ్మా. లైసెన్సు కూడా అక్కర్లేదు. మీవాడు భేషుగ్గా నడపొచ్చు." బండి ఎక్కడుందో, ఎంత వేగంతో పోతోందో చూసుకోమని ఫోన్‌లో ఆప్ కూడా పెట్టిచ్చాడు. నెల తిరక్కుండానే పదహారేళ్ళ కొడుకు ఏ మెకానిక్ దగ్గరో వేగాన్ని అదుపులో పెట్టే తీగ కోయించాడు. బండికి కళ్ళెం తెగింది.

"ఫోన్ చెయ్యి వదినా," అంది పక్కన కాజాలు కుట్టే ఆవిడ.

"చేస్తే ఒంటిచేత్తో తీస్తాడు. అదే నా భయం."

"ఎదురుగా పోలీస్ స్టేషనే ఉందిగా. వాళ్ళతో ఓసారి బెదిరించు."

"మొన్న వెళ్ళాను. కాగితాల్లో ఇరవై అయిదే ఉందమ్మా, మేమేం చెయ్యం అన్నారు. వీడేమో, హెల్మెట్ ఏదిరా అంటే బండికే ఉందిగా అంటాడు. హ్యాండిల్‌కి తగిలిస్తే బుర్రకెలా పనికొస్తుంది? చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నాను."

డెబ్బై ఒకటి. డెబ్బై నాలుగు. ఆమె చుక్క మీద వేలు పెట్టి నొక్కింది, ఆగుతుందేమో అన్నట్టు.

వంతెన దగ్గర నిజంగానే ఆగింది. అంకె సున్నా.

"ఇప్పుడు చెయ్యి మరి."

"వద్దులే. స్నేహితులు కలిసుంటారు. వాళ్ళ ముందు అమ్మ ఫోనంటే వాడికి నామోషీ."

ఆమె మూడు చొక్కాలకు కాలర్లు వేసింది. అప్పుడు కదిలింది చుక్క. పద్దెనిమిది. ఇరవై. మలుపు దగ్గర పది.

"చూశావా, నా పోరు ఇన్నాళ్ళకు తలకెక్కింది," అంది ఆమె, మొహం విప్పారి.

"నత్త కూడా దాటిపోయేలా ఉంది," నవ్వింది కాజాల ఆవిడ.

చుక్క మార్కెట్ దాటి వాళ్ళ వీధిలోకే తిరిగింది. ఆమె గబగబా చీర మీది దారప్పోగులు దులుపుకుంది.

"ఓ గ్లాసు మంచినీళ్ళు పెట్టు. ఈ పూటకి వాణ్ణి ఏమీ అనను."

ఫోన్ చూసుకుంటూనే గడప దాటింది. చుక్క సరిగ్గా ఆమె ఎదురుగా వచ్చి ఆగింది.

తలెత్తి చూస్తే, స్టేషన్ గేటు ముందు నిలబడ్డ పోలీసుల లారీ మీద తాళ్ళతో కట్టేసి ఉంది కొడుకు బండి, ముందు చక్రం నుజ్జయిపోయి, హ్యాండిల్‌కి హెల్మెట్ ఇంకా వేలాడుతూనే.