భానుమతి చీటీ

ఆ కాలంలో జ్వరం మాత్రకైనా లాటరీలో చీటీ పడాల్సిందే. ఏ మందు మేలో పోల్చి చూడ్డానికి, ఎవరికి ఏ మందో తేల్చేది డాక్టర్లు కాదు, ఆ చీటీలే. తెనాలిలో మెస్ నడిపే కవలలు హైమవతికి, భానుమతికి ఒకే ఏడు రక్త క్యాన్సర్ బయటపడింది. అక్క హైమవతికి రోజూ వేసుకునే కొత్త మాత్ర పడింది, చెల్లెలు భానుమతికి నరంలోకి ఎక్కించే పాత కీమో. రెండింట్లో ఏది మేలో ఇంకా ఎవరికీ తెలియదు.

సూది చూస్తేనే కళ్లు తిరిగే చెల్లెలు కీమోకి తట్టుకోలేదని హైమవతి భయం. కీమో మొదటి రోజు పొద్దున్నే చెప్పాపెట్టకుండా ఆసుపత్రికెళ్లి చెల్లెలి కుర్చీలో కూర్చుంది. ముఖం చూసి గుర్తుపట్టే యంత్రం “భానుమతి” అంది. నర్సు హైమవతి చేతికి స్పిరిట్ రాసింది.

అంతలో భానుమతి రొప్పుతూ వచ్చింది. “లే అక్కా! అది నా చీటీ.”

“నువ్వు తట్టుకోలేవే. నా మాత్రలు నువ్వేసుకో.”

“రేపు నీ కూతురికీ ఇదే జబ్బొస్తే? మన మీద తేలినదాన్ని బట్టే కదా దానికి మందిస్తారు. మనం అబద్ధమాడితే ఎలాగే?”

హైమవతి మెల్లిగా లేచింది. భానుమతి కూర్చుని, కళ్లు గట్టిగా మూసుకుని చెయ్యి చాచింది. సూది దిగేటప్పుడు అక్క వేళ్లని ఎంత గట్టిగా పట్టుకుందంటే, హైమవతికే నొప్పెట్టింది.