ఆశ్రయపురం వాకిట్లో

“గుమ్మం దాటకు! అక్కడే నిలబడు!”

ఊరి కోటగుమ్మం కావలివాడి కేకకి నహబీ ఉన్నచోటే ఆగిపోయాడు. మధ్యాహ్నం నుంచి కొండలెక్కి దిగి పరిగెత్తుతూనే ఉన్నాడు. వెనక్కి తిరిగి చూశాడు. లోయకి అవతలి వాలు మీద దుమ్ము లేస్తోంది. ఒకే ఒక్క గాడిద. దాని మీద వస్తున్నది చనిపోయినవాడి అన్న.

“నన్ను లోపలికి రానియ్యండయ్యా! దొరికానంటే నరికేస్తాడు.”

“వాకిట్లో నిలబడి, పెద్దలు వినేలా జరిగింది చెప్పు. ఆ తర్వాతే లోపలికి. తాతల నాటి కట్టుబాటు ఇది. పొరపాటున ప్రాణం తీసినవాడికే ఇక్కడ ఆశ్రయం.”

గుమ్మం పక్కన రాతి అరుగుల మీద నలుగురు ముసలివాళ్ళు, వాళ్ళ నడుమ ఒక స్త్రీ కూర్చుని ఉన్నారు. ఈ ఊళ్ళో న్యాయం చెప్పేది ఆడమనిషని నహబీ విని ఉన్నాడు. ఆమె పేరు నయరా. కానీ ఆ కొండసీమలో ఆమెని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. తనకంటే పదేళ్ళు పెద్దవాళ్ళకి కూడా ఆమె ‘అమ్మే’.

“ముందు నీళ్ళివ్వండి,” అందామె.

“నీళ్ళకేం తొందరమ్మా,” ఎల్యాదా అనే పెద్దమనిషి విసుక్కున్నాడు. “ఇలాంటివాళ్ళని ఎంతమందిని చూడలేదు! చేసేదంతా చేసి, చెయ్యి జారిందంటారు.”

“చెయ్యి జారలేదయ్యా. చెట్టు కొడుతుంటే పిడిలోంచి గొడ్డలి ఊడి ఎగిరింది. నాతో చెట్లు కొట్టేవాడు పక్క చెట్టు దగ్గరున్నాడు. మెడ మీద పడింది.”

“ఎవరు పోయింది?” నయరా అడిగింది.

“ఇత్రాను.”

గోడవార ఒలీవ పళ్ళు ఏరుతున్న ఆడవాళ్ళ మాటలు టక్కున ఆగిపోయాయి.

“ఈ సీమలో ఇత్రానులు బోలెడుమంది. మనిషెలా ఉంటాడు?”

“ఎడమచేతి వాటం అమ్మా. గడ్డం కింద కాలిన మచ్చ. నవ్వాడంటే...”

“చాలు.”

తన అబద్ధం పట్టుకోవడానికే అలా గుచ్చి గుచ్చి అడుగుతోందనుకున్నాడు నహబీ. దుమ్ము లోయలోకి దిగింది.

ఎల్యాదా లేచి నిలబడ్డాడు. “అమ్మా, నువ్వు ఇంటికి వెళ్ళు. వీడి సంగతి మేం చూసుకుంటాం.”

ఈ ముసలాయన చేతిలో పడితే, వచ్చేవాడికి తనని అప్పగించడం ఖాయం. నహబీ పరిగెత్తుకెళ్ళి ఆమె కాళ్ళ మీద పడ్డాడు.

“వెళ్ళకమ్మా! నువ్వే చెప్పు తీర్పు! వీళ్ళకి నన్ను వదిలెయ్యకు!”

ఆమె కాళ్ళు వెనక్కి లాక్కుంది. తర్వాత, “కూర్చో ఎల్యాదా,” అంది. “ఈ అరుగు మీద నన్ను కూర్చోబెట్టింది మీరే. తేలిక తగవులకి మాత్రమే కూర్చోమని చెప్పలేదుగా.”

ఎల్యాదా కూర్చున్నాడు. ఆమె నహబీ వైపు తిరిగింది.

“మీ ఇద్దరికీ పాత పగలేమైనా ఉన్నాయా?”

“ఇరవై రోజుల పరిచయానికి పగ ఎక్కడిదమ్మా! ఒకే రొట్టె తుంచుకుని తినేవాళ్ళం. నేను పాడితే గాడిదలు పరుగో పరుగని ఏడిపించేవాడు.”

“పిడి వదులైందని నీకు ముందే తెలుసా?”

తెలియదనేస్తే పోతుంది. అది చూసినవాళ్ళెవరూ లేరు. కానీ ఆమె చూపు ముందు నహబీకి అబద్ధం పెగలలేదు.

“పొద్దున్న... కొంచెం ఆడుతోందమ్మా. చెక్కముక్క దిగ్గొట్టాను. ఆగుతుందనుకున్నాను.”

“అదిగో!” అన్నాడు ఎల్యాదా. “తెలిసీ ఎత్తాడు గొడ్డలి!”

ఆమె కళ్ళు మూసుకుంది. ఒళ్ళో చేతులు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. తన ప్రాణం ఆ చేతుల్లో ఉన్నట్టు వాటినే చూస్తూ ఉండిపోయాడు నహబీ. గాడిద డెక్కల చప్పుడు ఇప్పుడు వినిపిస్తూనే ఉంది.

“వెంటనే పోయాడా?”

“లేదమ్మా, కొంచెంసేపు ఉన్నాడు.”

“ఏమన్నాడు?”

“దాహమన్నాడు. తల ఒళ్ళో పెట్టుకుని తోలుసంచిలోంచి నీళ్ళు పట్టాను. అమ్మా అన్నాడు. నొప్పిలో ఎవరైనా అనే మాటే.”

“నీళ్ళు తాగాడా?”

“రెండు గుక్కలు.”

రెండు గుక్కల నీళ్ళతో న్యాయానికి పనేమిటో నహబీకి అర్థం కాలేదు. మళ్ళీ ఏం అడుగుతుందోనని చూశాడు. ఆమె ఇంకేమీ అడగలేదు. అరుగు పట్టుకుని మెల్లగా లేచింది.

“దాచుకోవాలనుకున్నవాడు పిడి సంగతి చెప్పడు. వీడు కావాలని చంపలేదు. లోపలికి తీసుకోండి. ఉండడానికి చోటు చూపించండి. బాబూ, గుడిలో ప్రధాన యాజకుడు బతికున్నంతకాలం ఈ గోడ దాటకు. ఆయన పోయాకే నీకు విడుదల. దాటావా, నీ ప్రాణానికి ఎవరూ పూచీ కాదు.”

కావలివాడు నహబీని రెక్క పట్టుకుని లోపలికి లాగాడు. ఆమె, పెద్దలు లోపలికొచ్చారు. తలుపులు మూసి అడ్డగడియ వేస్తుండగానే బయటినుంచి దబదబ బాదిన చప్పుడు.

“అమ్మా! వాణ్ణి బయటికి గెంటించు!”

నహబీ గోడకి కరుచుకుపోయాడు. నయరా వెళ్ళి మూసిన తలుపు మీద చెయ్యి వేసింది.

“విచారణ అయిపోయింది. వాడు పగతో చెయ్యలేదు. కత్తి ఒరలో పెట్టి వెళ్ళు.”

“రక్తానికి రక్తం అడిగే హక్కు అన్నకి ఉంది!”

“ఉంది. ఈ గోడకి అవతల.”

బాదడం ఆగింది. రాళ్ళ మీద కత్తి పడ్డ చప్పుడైంది. బతికిపోయాననుకున్నాడు నహబీ. అప్పుడు తలుపు సందులోంచి, ఏడుపుతో పూడుకుపోయిన గొంతు వచ్చింది.

“మరి తమ్ముడు నీ కడుపున పుట్టలేదా, అమ్మా?”